పింఛను కాలం: రాజకీయం, సినిమా, ప్రయాణం, సంసారం

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మొన్న ఇంటికి వచ్చి, "మేడం, మీరిద్దరూ ఉద్యోగం దిగినారు కదా, రిటైరైన వాళ్ళ జీవితం గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చెప్పడానికి ఏముందంటే, "పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంట్లో మీరు ఏం మాట్లాడుకుంటారో అదే చెప్పండి" అన్నారు. సరే, అదే చెప్తాము. మేము అంటే మా ఇంట్లో ఇద్దరం. మా ఆయన లెక్కల అయ్యవారు, మేము సోషల్ టీచరు. ఆయన 62 ఏళ్ళు నిండి ఈ సంవత్సరం దిగినారు. మాకింకా అయిదేళ్ళ సర్వీసు ఉండగానే స్వచ్ఛందంగా దిగినాము. ఎందుకు దిగినామో చివర్లో చెప్తాము, ఆ మాట కోసమే ఈ మైకు పట్టుకున్నది.

రిటైర్మెంటు వయసు అనేది మన రాష్ట్రంలో పంచాంగం చూసి వచ్చేది కాదు, ప్రభుత్వాన్ని బట్టి వచ్చేది. 1983 ఫిబ్రవరిలో 58 నుంచి 55కు తగ్గించినారు. రాష్ట్రమంతా వేలమంది ఒక్కరోజులో ఇంటికి పోయినారు. మరుసటి ఏడు, 1984లో, మళ్ళీ 58 చేసినారు. మధ్యలో దిగిపోయినవాళ్ళ గతేమిటని కేసు సుప్రీంకోర్టు దాకా పోతే, వాళ్ళకూ ఆ మేలు దక్కాలని కోర్టు చెప్పింది. తరువాత రాష్ట్రం విడిపోయినంక 2014లో 60, 2022లో 62. ఇప్పుడున్న పిల్ల టీచర్లకు ఇంకో ముడి ఉంది. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవాళ్ళకు మాలాంటి పింఛను లేదు, వాళ్ళ జీతంలో కోసి జమచేసేదే వాళ్ళ దిక్కు. కాబట్టి "మీకేమమ్మా, కాలు మీద కాలు వేసుకొని కూర్చోవచ్చు" అని స్టాఫ్ రూములో వాళ్ళంటే మేము ఎదురు చెప్పలేదు. నెల మొదట్లో డబ్బు పడే ముసలితనం మన ఊరిలో ఎంతమందికి ఉంది? వేలు మీద లెక్కపెట్టవచ్చు. ఆ కొద్దిమందిలో మేమున్నాము. ఇది మనసులో పెట్టుకొని మిగతాది వినండి.

ముందు రాజకీయం. ఎందుకంటే మా ఇంట్లో పొద్దున టీ కన్నా ముందు అదే వస్తుంది.

మా క్లాసులో పిల్లలకు జిల్లా పాఠం చెప్పేటప్పుడు మేమొక మాట అనేవాళ్ళం: మన ఊరు కదల్లేదు, జిల్లాలే కదిలినాయి. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు ఒకప్పుడు కడప జిల్లాలోవి. 1911లో చిత్తూరు జిల్లా పుట్టినప్పుడు వాటిని అందులో కలిపినారు. అప్పుడది మద్రాసు రాజధాని. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయింది, 1956లో హైదరాబాదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినాయి, కలకడ మండల కేంద్రమైంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పెంచినప్పుడు మనం చిత్తూరును వదిలి రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లాలో చేరినాము. 111 ఏళ్ళు చిత్తూరోళ్ళమని చెప్పుకొని, మళ్ళీ కడప దిక్కుకే తిరిగినట్టయింది. మా అత్తమ్మకు 86 ఏళ్ళు. ఆమెను ఇప్పటికీ ఏ జిల్లా అని అడిగితే "కలకడ" అంటుంది. మాకు ఆ జవాబే నచ్చుతుంది.

పాత చిత్తూరు జిల్లా రాజకీయాలకు గట్టి నేల. నారావారిపల్లె నుంచి ఒక ముఖ్యమంత్రి, మన పక్కనున్న కలికిరి మండలం నుంచి ఇంకొక ముఖ్యమంత్రి. కిరణ్ కుమార్ రెడ్డి గారు 2010 నవంబరులో ముఖ్యమంత్రి అయిన రోజు ఆయన మన పీలేరు ఎమ్మెల్యే. ఉమ్మడి రాష్ట్రానికి చివరి ముఖ్యమంత్రి మన నియోజకవర్గం వాడని పిల్లలకు చెప్తే కళ్ళు పెద్దవి చేసుకొని వినేవాళ్ళు. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని ఈ వేదిక మీద మేము చెప్పబోము. సొసైటీ నియమం అది, మా ఇంటి నియమం కూడా. ఎందుకంటే మా ఇంట్లో ఇద్దరమూ ఒకే పార్టీకి ఓటేసిన ఎన్నిక ఇప్పటిదాకా ఒక్కటే, అది ఏదో చెప్పుకోము.

కానీ ఒక మాట అనాల్సిందే. మన రిటైరైనవాళ్ళు పొద్దున లేచి టీవీ ముందర కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవరు. ఢిల్లీలో ఎవరు ఎవరితో కలుస్తారో, అమెరికా ఏం చేయబోతుందో అంతా చెప్తారు. వాట్సాప్‌లో వచ్చింది చదవకుండానే నలుగురికి పంపుతారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినారు. మన వీధి నుంచి ఎంతమంది పోయినారు? మేమిద్దరం, ఇంకో ఇద్దరు. కాలువ గురించి, బడి దగ్గర స్పీడు బ్రేకరు గురించి అడిగేదానికి పెద్దమనిషి ఒక్కరు లేరు. ఢిల్లీకి మన మాట వినపడదు. గ్రామసభలో వినపడుతుంది, మినిట్స్ పుస్తకంలో రాస్తారు కూడా. రాయకపోతే రాయించవచ్చు. రాయడం, రాయించడమే కదా మనం ముప్పై ఏళ్ళు చేసిన పని.

రాజకీయంలోనే ఇంకోటి. బీసీ-ఇ కింద మన పిల్లలకు 4 శాతం వచ్చింది 2007 చట్టంతో. దాని మీద కేసు ఇంకా తేలలేదు. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తోంది. దీని గురించి పెద్ద పెద్ద ఉపన్యాసాలు విన్నాము. కానీ పదో తరగతి పిల్లల సర్టిఫికెట్లు చూస్తే అర్థమైంది ఏమంటే, ఎవరు దేని కిందికి వస్తారో ఇళ్ళల్లో తెలియదు. షేక్‌లు బీసీ-ఇ. దూదేకులవాళ్ళు మొదటి నుంచీ బీసీ-బి. సయ్యద్‌లు, పఠాన్‌లు, మొఘల్‌లు ఆ చట్టంలో రారు, వాళ్ళలో ఆదాయం తక్కువున్నవాళ్ళకు 2019 నుంచి ఈడబ్ల్యూఎస్ ఉంది. ఒకే వీధిలో మూడు రకాల కాగితాలు కావాలి. కౌన్సెలింగు నాలుగు రోజులుందనగా మీసేవకు పరుగెత్తితే ఏం లాభం? ఎనిమిదో తరగతిలోనే ఆ కాగితం తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి. దీనికి నాయకుడు అక్కర్లేదు. కళ్ళద్దాలున్న రిటైర్డు గుమాస్తా ఒకరు చాలు.

ఇంక సినిమా. పెద్దలు ముఖం చిట్లించుకోవద్దు. సినిమా చూడని ఇల్లు మన వీధిలో ఉంటే మాకు చూపించండి, మేము పోయి సలాం చెప్పి వస్తాము.

మా చిన్నప్పుడు టూరింగ్ టాకీసులు. గుడారం, నేల టికెట్టు, వెనక బెంచీ, ఆఖరున కుర్చీ. ఆడవాళ్ళ వైపు మధ్యలో గుడ్డ కట్టేవాళ్ళు. రీలు మార్చేటప్పుడు దీపం వెలిగితే ఎవరు ఎక్కడున్నారో కనపడేది. మా నానీ నమాజు తప్పనిది, కానీ పాత సినిమాలంటే ప్రాణం. చిత్తూరు నాగయ్య గారి 'త్యాగయ్య' చూసి ఏడ్చిన ముచ్చట చెప్పేది. మనిషి మంచివాడా కాదా అనేది ఆమెకు గొంతులో తెలిసేదట. 1955లో వచ్చిన తెలుగు 'అనార్కలి' గురించి అయితే ఆమెకు ఒక సొంత తగాదా. నాగేశ్వరరావు సలీం ఏమిటి, ఆ సలీంకు అంత మంచి తెలుగు ఎట్లా వచ్చింది అని. మా అబ్బా నవ్వుతూ, "మనకెట్లా వచ్చింది, అట్లే వచ్చింది" అనేవారు. ఇంట్లో దక్కని, బడిలో తెలుగు, మదర్సాలో అరబ్బీ అక్షరాలు, బస్సులో తమిళం కొంచెం, బెంగుళూరు పోతే కన్నడం కొంచెం. మన పిలకాయలకు భాషలు దానంగా వచ్చినాయి, ఎవరూ దాన్ని ఆస్తిగా లెక్కపెట్టరు.

మా అబ్బాకు రఫీ సాబ్ అంటే పిచ్చి. రఫీ తెలుగులో పాడినారని మీలో ఎంతమందికి తెలుసు? 1969లో 'భలే తమ్ముడు', 1976లో 'ఆరాధన', ఆ తరువాత రామారావు గారు సొంతంగా తీసిన 'అక్బర్ సలీం అనార్కలి'. తెలుగు రాని గొంతు తెలుగు పాట పాడుతుంటే కొన్ని అక్షరాలు మెత్తబడేవి. మా అబ్బా వాటినే మళ్ళీ మళ్ళీ విని, "చూడు, మన ఇంట్లో మాట్లాడే తెలుగు మాదిరే ఉంది" అనేవారు. 1980 జూలై 31న రఫీ పోయినారు. అది రంజాన్ నెల. ఆ రోజు ఇఫ్తార్ దగ్గర మా అబ్బా ఖర్జూరం చేతిలో పట్టుకొని చాలాసేపు ఊరికే కూర్చున్నారు. అప్పుడు మాకు పన్నెండేళ్ళు. మన ఇంటి మనిషి కాని మనిషి కోసం కూడా పెద్దవాళ్ళు దుఃఖపడతారని ఆ రోజు తెలిసింది.

ఇప్పటి సినిమా గురించి రిటైరైనవాళ్ళు ఏమంటారో మీకు తెలుసు, ఆ పాట మేము పాడము. నిజం చెప్పాలంటే మాకు సంతోషమైన సంగతి ఒకటుంది. మన యాస. ముప్పై నలభై ఏళ్ళు సినిమాల్లో మన సీమ యాస రౌడీకో, నవ్వించేవాడికో ఇచ్చినారు. 2021లో 'పుష్ప' వచ్చింది, హీరోయే చిత్తూరు యాస మాట్లాడినాడు. దానికి అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, తెలుగు నటుల్లో ఎవరికీ అంతకు ముందు రాలేదు. మా క్లాసు పిల్లలు గడ్డం కింద చెయ్యి తిప్పుకుంటూ వరండాలో నడిచినారు. యాస గెలిచింది, సరే. కానీ ఆ కథలో నరికేది శేషాచలం ఎర్రచందనం. మన జిల్లా అడవి పక్క ఊర్లలో ఆ దుంగ మోసి జైలుకు పోయినవాడి బిడ్డ మన బడిలోనే మూడో బెంచీలో కూర్చోని ఉంటాడు. 2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో 20 మంది కూలీలు కాల్పుల్లో చచ్చిపోయినారు, ఎక్కువమంది తమిళనాడు పేదవాళ్ళు. సినిమాలో మోసేవాడు ఓనరు అవుతాడు. బయట మోసేవాడు మోసేవాడే. ఈ మాట ఒకరోజు క్లాసులో చెప్తే వెనక నుంచి ఒకడు "మేడం, అట్లయితే సినిమా ఎవరు చూస్తారు" అన్నాడు. వాడన్నదీ నిజమే, మేమన్నదీ నిజమే.

ఇంకో సినిమా, 2024లో వచ్చిన 'ది గోట్ లైఫ్'. మలయాళం రచయిత బెన్యామిన్ 2008లో రాసిన నవల నుంచి తీసింది, తెలుగులోకి డబ్బింగు అయింది. గల్ఫుకు పోయి ఎడారిలో గొర్రెల దగ్గర చిక్కుకున్న మనిషి కథ. మేము ఫోనులో చూస్తుంటే మా తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. పావుగంట చూసి లేచి పోయినాడు. "నీళ్ళు తాగే సీను దగ్గర ఆపెయ్యి అక్కా" అన్నాడు. ఇంక ఏమీ అనలేదు. ఆ మాటతోనే ప్రయాణం లోకి వస్తాము.

రిటైరైతే తిరగాలని అందరికీ ఉంటుంది. కాశ్మీరు, సింగపూరు అంటారు. మేము మొదట దగ్గరివే చూసినాము. గుర్రంకొండ మనకెంత దూరం? బస్సు ఎక్కి కూర్చుంటే కునుకు తీసేలోపు వస్తుంది. ఆ కోట కింద రంగినీ మహల్ ఉంది, టిప్పు సుల్తాన్ మేనమామ మీర్ రజా అలీ ఖాన్ సమాధి ఉంది. టిప్పు తల్లి ఫక్రున్నిసా మన కడప గడ్డ మనిషే, ఆమె తండ్రి కడప కోటకు అధికారిగా ఉన్నవారు. మైసూరు పులి అని అందరూ అంటారు, ఆ పులికి పాలిచ్చిన తల్లి ఊరు మన పక్కదని ఏ పాఠంలోనూ లేదు. మేము మాత్రం చెప్పేవాళ్ళం. మదనపల్లె టమాట మార్కెట్టుకు వందసార్లు పోయినవాళ్ళు కూడా బి.టి. కాలేజీ గేటు లోపలికి పోయి ఉండరు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడ ఉండి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చింది ఆ ఆవరణలోనే. మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండు ఆమె స్వరాలు కూర్చడంలో సాయపడింది. హార్స్‌లీ కొండ 4,100 అడుగుల పైనే. దాని మీద ఇల్లు కట్టుకున్న హార్స్‌లీ దొర కడప కలెక్టరు. చూడండి, అక్కడా కడపే.

మా అబ్బా ప్రైవేటు బస్సులో కండక్టరు. మేము ఎక్కిన మొదటి ప్రయాణాలన్నీ ఆయన బస్సులోనే, ఎప్పుడూ చివరి సీటు, ఎప్పుడూ టికెట్టు కొని. ఓనరు అడగకపోయినా కొనేవారు.

మన ఊరి వాళ్ళకు అసలైన ప్రయాణం మాత్రం కువైటు. రాయచోటి, కలకడ, పీలేరు, ఈ తట్టున ఇంటికి ఒకరైనా పోయి ఉంటారు, లేదా పోయేదానికి పాస్‌పోర్టు తీసి పెట్టి ఉంటారు. మా తమ్ముడు 1988లో పోయినాడు, ఇరవై ఏళ్ళ పిల్లవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైటులోకి వచ్చింది. మేము రేడియోలో విన్నాము. ఆ రోజు నుంచి ఉత్తరం లేదు, ఫోను లేదు. ఫోనంటే అప్పుడు మన ఊరిలో పోస్టాఫీసులో ఉండేది ఒక్కటే. మా అమ్మ పోస్టాఫీసు మెట్ల మీద పొద్దున పోయి కూర్చొని సాయంత్రం వచ్చేది. పోస్టుమాన్ ఆమెను చూసి తల తిప్పుకొనేవాడు, పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు.

తరువాత తెలిసింది. బస్సుల్లో బస్రా, అక్కడి నుంచి బాగ్దాదు, అక్కడి నుంచి జోర్డాను సరిహద్దు. ఎడారిలో గుడారాలు. రొట్టెకు వరుస, నీళ్ళకు వరుస. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాలు రెండు నెలల పాటు మన వాళ్ళను మోసినాయి, సుమారు 1,70,000 మందిని. 2016లో అక్షయ్ కుమార్‌తో దాని మీద 'ఎయిర్‌లిఫ్ట్' అని హిందీ సినిమా తీసినారు. సినిమాలో ఒక్క హీరో అందరినీ కాపాడతాడు. మా తమ్ముడు చెప్పిన దాంట్లో హీరో లేడు. సరిహద్దులో పేర్లు రాసుకొనే ఒక మలయాళీ పెద్దాయన ఉన్నాడు. ఎవరూ అడగకుండానే నోటుపుస్తకం తీసుకొని, వచ్చినవాళ్ళ పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు వరుసగా రాసి, అధికారులు వచ్చినప్పుడు చేతికిచ్చేవాడట. ఆ పుస్తకంలో ఎక్కినందుకు తమ్ముడికి వరుస దొరికింది. ఆయన పేరు తమ్ముడికి తెలియదు. సన్నగా, పంచె కట్టుకొని ఉండేవాడని మాత్రం చెప్తాడు. బొంబాయిలో దిగి, రైలెక్కి, ఊరికి వచ్చిన రోజు వాడి చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, కాళ్ళకు రెండు వేర్వేరు చెప్పులు.

రెండేళ్ళకు మళ్ళీ పోయినాడు. ఎందుకు పోయినావురా అని ఎవరూ అడగలేదు. ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉన్నాయి.

హజ్ ప్రయాణం గురించి కూడా ఒక మాట. 1995 దాకా బొంబాయి నుంచి జిద్దాకు ఓడలు పోయేవి. మా నానీ ఓడలోనే పోయింది, వచ్చేటప్పుడు తెచ్చిన జమ్‌జమ్ డబ్బా మా ఇంట్లో ఇంకా ఉంది, ఖాళీగా. ఇప్పుడు విమానంలో గంటల పని. 2018లో సబ్సిడీ పోయింది. అదే ఏడు నుంచి 45 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు మహరం లేకపోయినా కొంతమంది కలిసి దరఖాస్తు పెట్టుకొనే వీలు వచ్చింది. మన వీధిలో భర్త పోయి, కొడుకులు గల్ఫులో ఉన్న తల్లులు ఉన్నారు. వాళ్ళలో ఈ సంగతి తెలియనివాళ్ళే ఎక్కువ. ఇది సొసైటీ బోర్డు మీద రాసి పెట్టమని కార్యదర్శి గారిని అడుగుతున్నాము. తోడు కావాలంటే ఆ గుంపులో ఒకరుగా మేము ఉంటాము.

చివరికి సంసారం.

మా తమ్ముడి కొడుకు, కోడలు ఇప్పుడు కువైటులో ఉన్నారు. వాడు డ్రైవరు, ఆ పిల్ల ఒక ఇంట్లో పనికి. జీతం ఒక స్థాయి దాటితే గానీ అక్కడ పిల్లల్ని తెచ్చుకొనే వీసా ఇవ్వరు. కాబట్టి పిల్లలిద్దరూ మా దగ్గర. పెద్దదానికి పదకొండు, చిన్నోడికి ఏడు. మమ్మల్ని దాదీ, దాదా అంటారు. రోజూ రాత్రి వీడియో కాలు. ఆ పిల్ల ఫోనులోనే అన్నం తిన్నారా, జడ ఎవరు వేసినారు అని అడుగుతుంది. చిన్నోడు ఒక్కోసారి ఫోను దగ్గరికి రాడు. అలిగినాడు అనుకుంటాము. అలక కాదది. వాడికి అమ్మ అంటే అరచేతంత అద్దంలో ఉండే మనిషి అయిపోయింది, అద్దం ఎక్కడికీ పోదు కదా, తరువాత మాట్లాడొచ్చులే అనుకుంటాడు.

2024 జూన్ 12న కువైటులో మంగఫ్ అనే చోట కూలీలున్న భవనం తగలబడింది. చచ్చిపోయినవాళ్ళలో 45 మంది మన దేశం వాళ్ళు. ఆ రోజు కలకడలో మన వీధి మీకు గుర్తుంది కదా. ప్రతి ఇంటి గడపలో ఒకరు ఫోను చెవికి పెట్టుకొని నిలబడినారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. మా వాడు రింగు ఎత్తేదాకా ఇరవై నిమిషాలు పట్టింది, డ్యూటీలో ఉన్నాడంట. ఆ ఇరవై నిమిషాలు పెద్దది మా పక్కన నిలబడి మా ముఖమే చూస్తా ఉండింది. ఏమీ అడగలేదు. అడగకపోవడం పదేళ్ళ పిల్ల ఎక్కడ నేర్చుకుంటుంది?

ఆ ఏడే డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నింటిలో పెద్దగా తల్లిదండ్రుల సమావేశం పెట్టినారు. మేమప్పుడు ఇంకా టీచరుగా ఉన్నాము. బడి ముందర ముగ్గు వేసి, కుర్చీలు వేసి, ప్రతి పిల్లవాడి పక్కన వాళ్ళ అమ్మనో నాయననో కూర్చోబెట్టి ప్రోగ్రెస్ కార్డు చేతికి ఇవ్వాలి. మా తరగతిలో పదకొండు మంది పిల్లల పక్కన కుర్చీలు ఖాళీ. కులం ఏదైనా, మతం ఏదైనా, ఆ పదకొండు ఇళ్ళలోనూ కారణం ఒక్కటే: గల్ఫు. కొందరికి అవ్వలు వచ్చినారు, వేలిముద్ర వేసి కార్డు తీసుకొని, అందులో ఏముందో తెలియక మడిచి కొంగులో పెట్టుకున్నారు. ఒక పిల్లవాడు మాత్రం తన కార్డు తానే తీసుకొని, తండ్రి సంతకం గడిలో తండ్రి పేరు తానే రాసినాడు. అచ్చం తండ్రి రాసినట్టే. ఎన్నాళ్ళ నుంచి రాస్తున్నాడో. మేము వాడిని కోప్పడలేదు. ఎవరు పెట్టాలి ఆ సంతకం?

ఇంటికి వచ్చి ఆ రాత్రి ఇద్దరమూ మాట్లాడుకున్నాము. తరగతిలో ముప్పై అయిదు మందికి టీచరు ఉంది, మేము దిగితే ఇంకొకరు వస్తారు. ఖాళీ కుర్చీకి ఎవరూ రారు. ఇంట్లో అత్తమ్మను చూసుకోవాలి, ఇద్దరు పిల్లలున్నారు, అదీ ఉంది. స్వచ్ఛంద విరమణ కాగితం రాసింది అందుకే. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి మా దగ్గరికి రండి, ఇక్కడ లిఫ్టు ఉంది, పార్కు ఉంది అని రోజూ అంటాడు. పోతాము, పది రోజులు ఉంటాము, వస్తాము. పార్కులో మాలాంటి రిటైరైనవాళ్ళు వరుసగా కూర్చొని ఉంటారు, వాళ్ళకు అడిగేవాళ్ళు లేరు. ఇక్కడ బజారుకు పోయి రావాలంటే ముగ్గురు ఆపి ఏదో ఒక ఫారం చూపిస్తారు. విసుగే. కానీ పార్కు కన్నా మేలు.

కాబట్టి సొసైటీ ముందర మా ఇద్దరి మనవి ఇది. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో టీచర్లుగా, గుమాస్తాలుగా, బస్సు డిపోలో, కరెంటాఫీసులో, బ్యాంకులో పనిచేసి దిగినవాళ్ళు మాకు తెలిసి ఇరవై మందికి తక్కువ లేరు. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల్ని చూసుకోండి. ఇంట్లో పెట్టుకోమని కాదు, డబ్బు పెట్టమనీ కాదు. డబ్బు ఉంటే సొసైటీ ఉంది. బడిలో సమావేశం ఉంటే ఆ కుర్చీలో కూర్చోండి. నెలకొకసారి నోటుపుస్తకం చూడండి. తల్లి ఖాతాలో పడే బడి పథకం డబ్బుకు ఆధార్ లింకు ఉందో లేదో, తల్లి దేశం దాటి ఉంటే ఏం చేయాలో సచివాలయంలో ముందుగానే అడిగి పెట్టండి. జ్వరం వస్తే అవ్వను తోడు తీసుకొని ఆసుపత్రికి పోండి. తండ్రికి వాట్సాప్‌లో రాజకీయం పంపేదానికి బదులు కొడుకు లెక్కల మార్కులు పంపండి. అంతే.

ఆడపిల్లలది ఇంకొంచెం గట్టి సంగతి. పది పాసైన అమ్మాయి ఇంటర్‌కు పీలేరు పోవాలంటే, తండ్రి గల్ఫులో ఉన్నాడు, ఎవరు తోడు అనే మాటతో చదువు ఆగిపోతోంది. పోయిన మూడేళ్ళలో మా చేతి మీదుగా పది పాసైన వాళ్ళలోనే అట్లా ఆగినవాళ్ళు ఆరుమంది. మంచి మార్కులు వచ్చినవాళ్ళు. తండ్రి వద్దన్నాడని అవ్వ చెప్తుంది, అవ్వ వద్దంటుందని తండ్రి చెప్తాడు. మేము ఇద్దరినీ ఒకే కాల్‌లో కలిపితే ఎవరూ వద్దనలేదు, భయమంటున్నారంతే. భయానికి మందు బస్సులో పక్క సీటు. రిటైరైన ఆడవాళ్ళం నలుగురం వారానికి ఒక్కొక్క రోజు ఆ పొద్దున బస్సులో పోయి వస్తే మొదటి నెల గడుస్తుంది. రెండో నెల నుంచి ఆ పిల్లలే ఒకరికొకరు తోడు. జూన్ నుంచి మేము ఇద్దరు అమ్మాయిలతో అట్లా పోయినాము. సెప్టెంబరులో వాళ్ళే "దాదీ, మీరు రావద్దులే, మా ఫ్రెండ్సు ఉన్నారు" అన్నారు. మాకు కొంచెం చిన్నబోయినట్టు అనిపించింది, అది వేరే సంగతి.

దీనికి వేరే కమిటీ వద్దు, బ్యానరు వద్దు, ప్రారంభోత్సవానికి ఎమ్మెల్యేను పిలవవద్దు. పిలిస్తే రెండో పార్టీ వాళ్ళ పిల్లలు రారు. ఏ మతం పిల్లలైనా పేరు రాసుకుంటాము, ఆ పదకొండు కుర్చీల్లో మన వాళ్ళవి ఏడు, మిగతా నాలుగు కావు.

భోజనాల దగ్గర గేటు పక్కన బల్ల మీద మా ఆయన ఒక లాంగు నోటుపుస్తకం పెట్టుకొని కూర్చొని ఉంటారు. ఎడమ పేజీలో పిల్లల పేర్లు, తరగతి, ఎవరి దగ్గర ఉంటున్నారు అనేది ఇప్పటికే రాసి ఉంది, ఇరవై ఆరు పేర్లు. కుడి పేజీ ఖాళీగా ఉంది, అక్కడ మీ పేరు, ఫోను నంబరు రాయాలి. బిర్యానీ తిన్న తరువాత రాద్దాములే అనుకోవద్దు, తిన్నాక నిద్ర వస్తుంది. పెన్ను మాత్రం మీరే తెచ్చుకోండి. పోయినసారి రక్తదానం రోజు పెట్టిన నాలుగు పెన్నులూ పోయినాయి.

ఖుదా హాఫిజ్.